ఇంటి ముందు రేల చెట్టు

ఏప్రిల్ నెల దాటితే మన పల్లెల్లో పచ్చదనం కరువు. చెరువు అడుగంటుతుంది. గట్ల మీద గడ్డి ఎండిపోతుంది. పశువులు నీడ కోసం వెతుక్కుంటాయి. సరిగ్గా అప్పుడే అడవి అంచున ఒక చెట్టు నిండా పూస్తుంది. దాని మీద ఆకు కనబడదు. ఎటు చూసినా పసుపు పచ్చని పూలగుత్తులే. ద్రాక్షగుత్తుల్లాగా కిందికి వేలాడుతుంటాయి. అదే రేల చెట్టు.

మీలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. కట్టెలకు పోయినప్పుడో, తునికాకుకు పోయినప్పుడో దీని కింద కూర్చునే ఉంటారు. ఇది మన దేశపు చెట్టే. ఎవరో పరాయి దేశం నుంచి తెచ్చింది కాదు. వైద్యులు దీన్ని ఆరగ్వధం అంటారు. హిందీలో, ఉర్దూలో అమల్తాస్ అంటారు. కేరళవాళ్ళు కణికొన్న అంటారు. ఏప్రిల్ నడుమ వాళ్ళకు విషు పండుగ వస్తుంది. ఆ రోజు తెల్లవారుతూనే కళ్ళు తెరిచి మొదట చూసే వస్తువుల్లో ఈ పూలు ఉండాలి. ఇది కేరళ రాష్ట్ర పుష్పం కూడా. థాయిలాండ్ దేశం 2001లో దీన్నే తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. మన గోండు, కోయ పాటల్లో 'రేల' అనే మాట పదే పదే వినిపిస్తుంది గదా.

మరి ఇంత అందమైన చెట్టు అడవిలోనే ఎందుకుండాలి? మన ఇంటి ముందు ఎందుకుండకూడదు? పెంచవచ్చు. పెద్ద ఖర్చు లేదు. రెండు ఎండాకాలాలు నీళ్ళు పోయాలి. ఆ తర్వాత ఓపిక పట్టాలి. ఆ ఓపిక దగ్గరే చాలామంది తప్పిపోతారు. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

ఏ చెట్టు ఎక్కడ

ఎండాకాలం పూసే చెట్టు అనగానే అందరికీ ముందు తురాయి గుర్తుకొస్తుంది. గుల్‌మొహర్ అనేది దాన్నే. మే నెలలో చెట్టంతా ఎర్రగా నిప్పు పెట్టినట్టు ఉంటుంది. అది మడగాస్కర్ అనే దీవి నుంచి వచ్చిన చెట్టు. తొందరగా పెరుగుతుంది, తొందరగా పూస్తుంది. అందుకే జనం దాన్ని తెచ్చి గోడ పక్కనే నాటేస్తారు.

తురాయి అందాన్ని నేను కాదనను. కాని దాని చోటు ఇంటి వాకిలి కాదు. బడి మైదానం, చెరువు కట్ట పక్కన ఖాళీ జాగా, వెడల్పాటి రోడ్డు, ఇవీ దాని చోట్లు. ఎందుకంటారా? దాని వేళ్ళు లోతుకు పోకుండా నేల పైపైనే పాకుతాయి. గచ్చును పైకి లేపుతాయి. ప్రహరీ గోడకు పగుళ్ళు తెస్తాయి. దాని కొమ్మలు గొడుగులాగా చాలా దూరం చాస్తాయి. కాని కట్టెకు బలం తక్కువ. మే నెలలో గాలిదుమారం వస్తే పెద్ద కొమ్మ కూడా పుటుక్కున విరుగుతుంది. విరిగిన కొమ్మ రేకుల మీద పడవచ్చు. కరెంటు తీగ మీద పడవచ్చు. కింద మంచం వేసుకుని పడుకున్న మనిషి మీదా పడవచ్చు. ఇరవై ఏళ్ళు పెంచిన చెట్టును అప్పుడు నరికించాలంటే కూలి మనమే ఇచ్చుకోవాలి. మనసూ ఒప్పదు.

రేల అట్లా కాదు. దాని కట్టె గట్టిది. వెనకటి రోజుల్లో గుంజలకు, వ్యవసాయ పనిముట్లకు వాడేవాళ్ళు. మధ్యరకం చెట్టు. బాగా ఎదిగితే 30, 40 అడుగులు ఎత్తు పెరుగుతుంది. తురాయి అంత విస్తారంగా పరుచుకోదు. మొదటి వేరు నేరుగా కిందికి దిగుతుంది. కాబట్టి ఇంటి ముందు నాలుగడుగుల జాగా ఉన్నవాళ్ళు తురాయి కన్నా రేలను ఎంచుకోవడం మేలు.

నాలుగడుగులు అని మాటవరసకు అన్నాను. నిజంగా నాలుగడుగులైతే చాలదు! ఇంటి గోడకు కనీసం 12, 15 అడుగుల దూరం ఉండాలి. ప్రహరీకి 8, 10 అడుగులైనా ఉండాలి. పైన కరెంటు తీగలు ఉండకూడదు. నాటే ముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. ఇప్పుడు మొక్క మోకాలెత్తే. పదేళ్ళ తర్వాత తీగను తాకుతుంది. అప్పుడు కరెంటు వాళ్ళు వచ్చి నడినెత్తిన నరికిపోతారు. మరుగుదొడ్డి గుంటకు, బావికి కూడా దూరంగానే పెట్టండి.

రేలకు ఎండ పూర్తిగా తగలాలి. వేప నీడలోనో, రెండంతస్తుల ఇంటి నీడలోనో నాటితే చెట్టు బతుకుతుంది గాని పువ్వు సరిగా రాదు. నేల ఎర్రదైనా, గరపదైనా, రాళ్ళున్నదైనా ఫరవాలేదు. నీళ్ళు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. నల్లరేగడి అయితే కాస్త మెరక చేసి నాటాలి.

పచ్చపూలన్నీ రేల కాదు

మొక్క కొనడానికి నర్సరీకి పోతే అక్కడ పచ్చపూల చెట్లు రెండు మూడు రకాలుంటాయి. రోడ్ల పక్కన కనిపించే పచ్చ తురాయి ఒకటి. సీమ తంగేడు ఒకటి. వీటి పూలగుత్తులు కొమ్మ చివర పైకి నిలబడి ఉంటాయి. రేల గుత్తులు మాత్రం కిందికి వేలాడతాయి. జాన పొడవు నుంచి మూర పొడవు దాకా ఉంటాయి. ఇదీ గుర్తు.

పువ్వు లేనప్పుడు ఎట్లా? కాయ చూడండి. పచ్చ తురాయి కాయ బల్లపరుపుగా, రాగి రంగులో ఉంటుంది. సీమ తంగేడు కాయ కూడా బల్లపరుపే. రేలకాయ గుండ్రటి కర్రలాగా ఉంటుంది. అడుగు నుంచి రెండడుగుల పొడవు. పండితే నల్లగా అవుతుంది. చెట్టుకు నల్లటి కట్టెలు వేలాడదీసినట్టు ఉంటుంది. చిన్న మొక్కకు కాయ ఉండదు గదా, అప్పుడు ఆకు చూడాలి. పచ్చ తురాయి ఆకు చాలా సన్నం, చింతాకు కన్నా చిన్న రెమ్మలు. రేలాకు రెమ్మలు పెద్దవి. ఒక్కో రెమ్మ మన అరచెయ్యి అంత పొడవుంటుంది. ఒక ఈనెకు నాలుగు నుంచి ఎనిమిది జతలు ఉంటాయి.

నర్సరీలో కవరు మీద పేరు రాసి ఉంటే మీరే చదువుకోండి. ఇంకొకరు చెప్పిందే నమ్మనక్కర లేదు ఇప్పుడు. రాసి లేకపోతే ఆకు చూసి అడగండి. అటవీశాఖ నర్సరీలో గాని, మీ పంచాయతీ నర్సరీలో గాని దొరికితే అన్నిటికన్నా చౌక.

విత్తనం మొండిది

కొనకుండా గింజ నుంచి కూడా పెంచుకోవచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నల్లటి పండు కాయలు దొరుకుతాయి. కాయను ఆడిస్తే లోపల గలగల మంటుంది. పగలగొడితే లోపల బిళ్ళలు బిళ్ళలుగా గదులుంటాయి. ఒక కాయలో 40 నుంచి 100 గదుల దాకా ఉండవచ్చు. ప్రతి గదిలో ఒక గింజ. గింజ చుట్టూ నల్లటి జిగురు గుజ్జు. ఆ గుజ్జును నీళ్ళలో కడిగేయాలి. గింజలను నీడలో ఆరబెట్టాలి. గింజ చూడడానికి బల్లపరుపుగా, నున్నగా, గోధుమ రంగులో మెరుస్తుంటుంది.

ఈ గింజను అట్లాగే మట్టిలో వేస్తే ఏమవుతుంది? చాలాకాలం ఏమీ కాదు. ఎన్ని నీళ్ళు పోసినా లోపలికి పోవు. దాని తోలు అంత గట్టిది. "గింజలు పుచ్చిపోయాయి" అనుకుని పారేస్తారు. అవి పుచ్చినవి కావు, నిద్రపోతున్నాయి. అడవిలో వీటిని లేపేది ఎవరో తెలుసా? నక్కలు, ఎలుగుబంట్లు, కోతులు. అవి తియ్యటి గుజ్జు కోసం కాయను తింటాయి. గింజ వాటి కడుపులో నాని, తోలు మెత్తబడి, పేడతో పాటు బయట పడుతుంది. తర్వాత వాన పడగానే మొలుస్తుంది.

మన దగ్గర ఎలుగుబంటి లేదు. రాయి ఉంది. గింజను గరుకు బండ మీద ఒక అంచున రుద్దండి. లోపలి రంగు కొంచెం కనబడగానే ఆపండి. గింజ సన్నగా ఉన్న కొనను మాత్రం రుద్దకండి. మొలక వచ్చేది అక్కడి నుంచే. రుద్దిన గింజలను రాత్రంతా నీళ్ళలో వేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి మొలుస్తాయి. ఉబ్బనివి మళ్ళీ రుద్దండి.

రుద్దే తీరిక లేనివాళ్ళకు ఇంకో పద్ధతి. నీళ్ళు మరిగించి పొయ్యి మీద నుంచి దించండి. అందులో గింజలు వేసి మూత పెట్టండి. పొద్దున దాకా అట్లాగే వదిలేయండి. పొయ్యి మీద ఉంచి ఉడికిస్తే మాత్రం గింజ చచ్చిపోతుంది.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా కలపండి. పాలిథిన్ కవర్లో నింపండి. కవరుకు అడుగున చిల్లులు ఉండాలి. అర అంగుళం లోతున గింజ పెట్టండి. తడి ఆరకుండా చూడండి, బురద చేయకండి. ఒకటి నుంచి మూడు వారాల్లో మొలక వస్తుంది. మొదటి ఏడాది మొక్క పైకి పెద్దగా ఎదగదు. అది చూసి దిగులు పడొద్దు. అప్పుడు అది కిందికి వేరు దింపుకుంటుంది. అందుకే ఈ ఏడు మొలిచిన మొక్కను వచ్చే ఏడు తొలకరికి నాటడం మంచిది.

నాటడం, నీళ్ళు

గుంట ఎండాకాలంలోనే తవ్వి పెట్టుకోండి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు చాలు. పైమట్టి ఒక పక్కన, అడుగుమట్టి ఒక పక్కన వేయండి. గుంట కొన్నాళ్ళు ఎండకు కాగితే పురుగూ పుట్రా పోతుంది. మృగశిర కార్తె వచ్చి రెండు మూడు మంచి వానలు పడ్డాక నాటండి. పైమట్టిలో రెండు తట్టల చివికిన ఎరువు కలిపి అడుగున వేయండి. పచ్చి పేడ వేయకండి. దానికి చెదలు వస్తాయి, వేరూ మాడుతుంది.

కవరును బ్లేడుతో కోసి తీయాలి. కవరుతోనే పాతిపెట్టేవాళ్ళు ఉన్నారు. వేరు ఆ కవరులోనే చుట్టలు చుట్టుకుని మొక్క గిడసబారిపోతుంది. పట్టి లాగితే మట్టిగడ్డ చెదిరి వేరు తెగుతుంది. కాబట్టి నిదానంగా కోయండి. పక్కన ఒక కర్ర పాతి వదులుగా కట్టండి.

మేకలకు రేలాకు మీద అంత మోజు లేదు. అయినా ఆకలి మీదున్న మేకను నమ్మలేం. తుమ్మకంపో, రేగుకంపో చుట్టూ పెట్టండి.

ఇప్పుడు నీళ్ళ మాట. నీళ్ళు మోసేది ఆడవాళ్ళే గదా, కాబట్టి ఈ లెక్క వాళ్ళకోసం. వానాకాలంలో నీళ్ళు పోయనక్కర లేదు. పది రోజులు వాన లేకపోతేనే పోయాలి. మొదటి ఎండాకాలం నాలుగు రోజులకొకసారి ఒక బిందె పోయండి. రోజూ చెంబెడు పోస్తే లాభం లేదు. పైమట్టి తడుస్తుంది, వేరుకు అందదు. వేరు కూడా నీటికోసం పైకే చూస్తుంది. బిందెడు ఒకేసారి పోస్తే తడి లోతుకు దిగుతుంది. దాని వెంట వేరూ దిగుతుంది. రెండో ఎండాకాలం వారానికొక బిందె చాలు. మూడో ఏటి నుంచి చెట్టు తన నీళ్ళు తానే వెతుక్కుంటుంది.

ఇంకా పొదుపు కావాలంటే పాత కుండకు అడుగున సన్నని చిల్లి పెట్టండి. చిల్లిలో గుడ్డపేలిక దూర్చండి. కుండను మొక్క పక్కన మెడదాకా పాతండి. అందులో నీళ్ళు పోసి మూత పెడితే చుక్క చుక్కగా దిగుతాయి. పాదులో ఎండాకు పరిస్తే తడి ఇంకా నిలుస్తుంది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు నిక్షేపంగా పోయవచ్చు. సబ్బునీళ్ళు వద్దు.

ఇక ఓపిక మాట

మొదటి ఏడు పువ్వు రాదు. రెండో ఏడు రాదు. మూడో ఏడూ రాదు. పక్కింటి తురాయి అప్పటికే మొగ్గ వేస్తుంది. "నీ రేల గొడ్డు చెట్టు, తీసి పారెయ్యి" అని చూసినవాళ్ళు అంటారు. చాలా రేల చెట్లు ఈ మాటకే పోతాయి. ఇంట్లో బండి పెట్టడానికి చోటు కావాలన్నప్పుడు ముందుగా దాని మీదే గొడ్డలి పడుతుంది.

గింజ నుంచి వచ్చిన రేల పూయడానికి నాలుగైదు ఏళ్ళు పడుతుంది. కొన్నిటికి ఏడెనిమిది ఏళ్ళు కూడా పడుతుంది. నేలను బట్టి, ఎండను బట్టి ఉంటుంది. నాటిన తేదీని గోడ మీదో, నోటు పుస్తకంలోనో రాసి పెట్టుకోండి. ఎవరైనా గొడ్డు చెట్టు అంటే తేదీ చూపించవచ్చు. తొందరపడి యూరియా మాత్రం వేయకండి. యూరియా వేస్తే ఆకు బాగా వస్తుంది, పువ్వు రాదు.

ఎదిగిన చెట్టుకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్ళు అసలే వద్దు. అప్పుడు నేల ఎండాలి. ఆకు రాలాలి. ఆకు రాలిన తర్వాతే మొగ్గ తొడుగుతుంది. ఆకు రాలుతుంటే చెట్టు చచ్చిపోతోందని కొందరు బిందెలకు బిందెలు పోస్తారు. చావడం లేదు, పూతకు సిద్ధమవుతోంది.

కొమ్మలు కొట్టాలన్నా ఇదే లెక్క. చలికాలం చివర కొడితే ఆ ఏడు పూలు పోయినట్టే. పూలు అయిపోయాక, వానలు మొదలయ్యే రోజుల్లో కొట్టండి. మనిషి తలకు తగలకుండా కింది కొమ్మలు తీస్తే చాలు.

ఒక నిజం కూడా చెప్పాలి. రేల నీడ నిండు నీడ కాదు. ఎండ ముదిరినప్పుడు కొన్ని వారాలు దాని మీద ఆకే ఉండదు. పూలగుత్తుల సందుల్లోంచి ఎండ పడుతుంది. మంచం వేసుకుని పడుకునే నీడ కావాలంటే వేప నాటండి, కానుగ నాటండి. జాగా ఉంటే పడమటి పక్కన వేప, వాకిట్లో రేల. ఒక్క చెట్టుకే చోటుందంటే ఏది కావాలో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. వాకిలి ఊడ్చేవాళ్ళను కూడా అడగండి. ఎందుకంటే మే నెలలో పూల రెక్కలు రోజూ తట్టెడు రాలుతాయి. పసుపు ఆరబోసినట్టు చూడడానికి బాగుంటుంది. కాని చీపురు పట్టేది చూసేవాళ్ళు కాదు గదా.

తుమ్మెదలు, సీతాకోకలు

రేల పూస్తే ఇంటికి చుట్టాలు వస్తారు. నల్లటి పెద్ద తుమ్మెదలు పొద్దున్నే జుమ్మంటూ వస్తాయి. పూల మీద వాలి పుప్పొడి తీసుకుంటాయి. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరుస్తాయి. అందువల్లనే కాయ పడుతుంది. మనం జోలికి పోనంతవరకు అవి మనల్ని ఏమీ అనవు.

వానాకాలంలో లేతాకు మీద సన్నని పచ్చటి పురుగులు కనబడతాయి. ఆకును జల్లెడ చేస్తాయి. మందు కొట్టాలా? వద్దు. అవి లేత పసుపు, లేత ఆకుపచ్చ రంగు సీతాకోకచిలుకల పిల్లలు. ఆ సీతాకోకలు తమ గుడ్లు పెట్టడానికి రేలనూ, దాని చుట్టాల చెట్లనూ వెతుక్కుని వస్తాయి. కొన్నాళ్ళు తిని, గూడు కట్టి, రెక్కలొచ్చి పోతాయి. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. ఎదిగిన చెట్టుకు ఏ నష్టమూ లేదు. ఏడాది నిండని మొక్క అయితే పురుగులను చేత్తో ఏరి వేరే చెట్టు మీద వేస్తే సరి.

కాయ జాగ్రత్త

ఈ ముక్క పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తప్పక చదవండి. కాయలోని నల్లటి గుజ్జు తియ్యగా ఉంటుంది. పిల్లలు నాకి చూస్తారు. అది విరేచనాలకు మందు. ఆయుర్వేదంలో మలబద్ధకానికి వాడతారు. వైద్యుడు మనిషిని చూసి, లెక్క చూసి ఇస్తాడు. మనం ఇంట్లో అంచనాగా ఇవ్వకూడదు. చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు అసలే ఇవ్వకూడదు. పిల్లలు ఎక్కువగా తింటే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అట్లా అయితే ఓఆర్‌ఎస్ నీళ్ళు తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోండి. తిన్న కాయ ముక్కను కూడా వెంట తీసుకుపోతే డాక్టరుకు పని తేలికవుతుంది.

చేతికందే కాయలను నల్లబడక ముందే కోసేయడం మంచిది. రాలిన కాయలు ఏరి పొయ్యిలో పెట్టవచ్చు, బాగా మండుతాయి. చెట్టు బెరడును వెనకట తోళ్ళు పదును చేయడానికి వాడేవాళ్ళు. ఇంటి చెట్టుకు మాత్రం బెరడు ఒలవనివ్వకండి. చుట్టూ ఒలిస్తే చెట్టు నిలువునా ఎండుతుంది.

జాగా లేనివాళ్ళకు

వంద గజాల ఇంట్లో రేలకు చోటు చాలదు. అట్లాంటివాళ్ళు తంగేడు పెట్టుకోండి. తంగేడు రేలకు చెల్లెలు లాంటిది. పువ్వు రంగు అదే, జాతి కూడా దగ్గరిదే. మనిషెత్తు పొద. మూడడుగుల చోటు చాలు. బతుకమ్మ పేర్చేటప్పుడు ముందు గుర్తుకొచ్చేది ఈ పువ్వే. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఇది ఎక్కువగా వానలు పడ్డాక పూస్తుంది. ఎండాకాలం రేల పూసినంత జోరుగా పూయదు. దీని గింజను కూడా కొంచెం రుద్ది నానబెట్టే వేయాలి. రేలలాగా ఏళ్ళ తరబడి ఆగనక్కర లేదు. ఒకటి రెండేళ్ళలోనే పువ్వు చూస్తారు.